గిడుగు రామమూర్తి: పుస్తకమే లేని భాషను నేర్చుకున్న పర్లాకిమిడి మేస్టారు

భిలాయి ఉక్కు నగరంలోని స్మృతి నగర్ లాంటి కాలనీల్లో పెరిగే తెలుగు పిల్లలకు రెండు మూడు భాషల మధ్య బతకడం కొత్త కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, కాలేజీలో ఇంగ్లీషు. తాతల తరానికి రష్యన్ కూడా చెవిన పడింది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మీద ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టినప్పుడు, ఆ దేశపు ఇంజనీర్లతో పని చేసిన తరం అది. ఇప్పటి పిల్లల్లో కొందరి చూపు జపాన్ మీద ఉంది. కొందరికి ఉద్యోగం కోసం, కొందరికి అనిమే కోసం.

ఒక్క అక్షరం కూడా రాని స్థితి నుంచి సొంతంగా జపనీస్ నేర్చుకోవడం తేలికేమీ కాదు. హిరగానా 46 అక్షరాలు, కటకానా మరో 46. రోజువారీ వాడుకకని జపాన్ ప్రభుత్వం ఖరారు చేసిన కాంజీలు 2,136. ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్ల పరీక్ష. అయినా తెలుగువాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. క్రియ వాక్యం చివరికి రావడం, విభక్తి లాంటి ముక్క నామవాచకం తర్వాత అతుక్కోవడం, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగియడం మనకు అలవాటైన పద్ధతులే. పైగా నిఘంటువు ఫోన్‌లో ఉంటుంది, ఉచ్చారణ వినిపిస్తుంది, తప్పు చేస్తే ఎర్రగీత పడుతుంది.

ఇవేవీ లేని భాషను మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తే? లిపి లేదు. పాఠ్యపుస్తకం లేదు. వ్యాకరణం ఎవరూ రాయలేదు. ఆ భాష ఏ కుటుంబానికి చెందిందో పండితులు ఇంకా తేల్చుకోలేదు. అలాంటి భాషను 1890ల్లో ఒక బడి మేస్టారు నేర్చుకోవడం మొదలుపెట్టారు. భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విజయనగరం వైపే ఉన్నాయి. ఆయనదీ ఆ ప్రాంతమే. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరిట దండ వేసేది ఆయన ఫొటోకే. కానీ గిడుగు వెంకట రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా తలచుకున్నంతగా, కొండ భాష ముందు ఓనమాలు దిద్దిన విద్యార్థిగా తలచుకోవడం తక్కువ. ఆ రెండోది తెలియకుండా మొదటిది సగమే అర్థమవుతుంది.

ముప్ఫై రూపాయల జీతం

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రిది ఠాణాలో సముద్దారు ఉద్యోగం, అంటే రెవెన్యూ పని. 1875లో చోడవరం బదిలీ అయ్యారు. అక్కడే విషజ్వరంతో పోయారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నాడు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు. వాళ్లిద్దరూ తర్వాతి కాలంలో తెలుగు వచనాన్ని ఎటు తిప్పారో అందరికీ తెలుసు కానీ, అప్పటికి ఇద్దరూ ఇంగ్లీషు పాఠాలతో కుస్తీ పడుతున్న కుర్రాళ్లే.

1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటి ఏడాదే, పదిహేడేళ్లు నిండకుండానో నిండీ నిండకుండానో, పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్ఫై రూపాయల జీతానికి మేస్టారుగా చేరారు. కాలేజీలో కూర్చుని పై చదువులు చదివే వీలు లేదు. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. గట్టెక్కారు. ఆ తర్వాత దాదాపు పదేళ్లకు బి.ఏ. చేతికొచ్చింది. చరిత్ర ఆయన ప్రధానాంశం. రాజావారి బడి కాలేజీ అయ్యాక ఆ తరగతులకూ పాఠం చెప్పారు.

ఎవరూ నేర్పకపోయినా పట్టుబట్టి నేర్చుకునే గుణం సవర కంటే ముందే ఆయనలో కనిపిస్తుంది. పుట్టిన ఊరికి పక్కనే శ్రీముఖలింగం. ఆ గుడి రాళ్ల నిండా పాత శాసనాలు. వాటి లిపి చదవడం ఆయన సొంతంగానే నేర్చుకున్నారు. రాతి మీద అరిగిపోయిన గీత ఏ అక్షరమో పోల్చుకోవడానికి కావలసిన ఓపిక, తర్వాత గాలిలో కలిసిపోయే ధ్వనిని పోల్చుకోవడానికి పనికొచ్చింది. మరో ప్రయోజనం కూడా ఉంది. వందల ఏళ్ల కిందట జనం రాయించుకున్న తెలుగు ఎలా ఉండేదో కళ్లారా చూసిన మనిషి, పండితులు చెప్పే ఆదర్శ తెలుగును గుడ్డిగా నమ్మడు.

సంతలో వినపడిన మాట

పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఊరిలో తెలుగు, ఒడియా. ఊరు దాటితే తూర్పు కనుమల వరసలు, వాటి మీద సవరలు. అమ్మకానికి, కొనడానికి వాళ్లు కిందికి దిగేవారు. వాళ్ల మాట మైదానంలోని ఎవరికీ రాదు. సర్కారు కచేరీతో, షావుకారుతో, అమీనుతో వాళ్లకు ఏ పనిబడినా మధ్యలో భాష తెలిసిన మరొకడు ఉండాల్సిందే. ఆ మధ్యమనిషి చెప్పిందే అప్పు, చెప్పిందే వడ్డీ. మన్యం చరిత్ర చదివినవాళ్లకు ఈ కథ ఎటు నడుస్తుందో విడమరచి చెప్పక్కర్లేదు.

రామమూర్తికి వాళ్ల భాష నేర్చుకోవాలని, ఆ భాషలోనే వాళ్లకు చదువు చెప్పాలని అనిపించింది. ఈ రెండో కోరిక ముఖ్యం. ఆ రోజుల్లో కొండ భాషలను పరిశీలించినవాళ్లు ఎక్కువగా దొరలు, మిషనరీలు. ఒకరికి పాలన కావాలి, మరొకరికి మత ప్రచారం కావాలి. ఈయనది బడిపంతులు ఆలోచన. పిల్లవాడికి రాని భాషలో పాఠం చెబితే అది పాఠం కాదని రోజూ తరగతి గదిలో చూస్తున్న మనిషి.

ఆయన మొదట చేసిన పని ఇప్పటి స్వీయ విద్యార్థులు చివరికి వాయిదా వేసే పని. మాట్లాడే మనిషిని వెతుక్కున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. మేస్టారి జీతంలో ఇంకొక మనిషిని పోషించడమంటే ఆ కాలంలో చిన్న ఖర్చు కాదు. జపనీస్ ఎన్1 పరీక్షలో చదవడం, వినడం ఉంటాయి కానీ మాట్లాడే పరీక్ష ఉండదు. నోరు విప్పకుండానే అత్యున్నత పట్టా తెచ్చుకోవచ్చు. సవరకు అలాంటి దొడ్డిదారి లేదు. చదవడానికి కాగితమే లేనప్పుడు వినాలి, తిరిగి అనాలి, తప్పయితే ఎదుటి మనిషి నవ్వితే మళ్లీ అనాలి.

వింటే తేలికగా ఉందనిపించే ఆ భాషలో ఎన్ని మలుపులు ఉన్నాయో కొన్ని చెప్పుకుంటే ఆయన ఎదుర్కొన్నది ఏమిటో తెలుస్తుంది. అంకెలు తీసుకోండి. మనం పదుల లెక్కలో బతుకుతాం. సవరలో పన్నెండు దాకా విడి మాటలు. పదమూడు అంటే పన్నెండూ ఒకటీ. ఇరవై దగ్గర మళ్లీ కొత్త మెట్టు. తొంభై మూడు చెప్పాలంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి అని కూడాలి. పన్నెండు, ఇరవై అనే రెండు ఆధారాల మీద కలిపి నడిచే లెక్క ప్రపంచ భాషల్లోనే అరుదు. సంతలో బేరం ఆడేవాడికి ఇది మొదటి రోజే తగులుతుంది.

క్రియాపదం ఇంకా చిత్రం. తెలుగులో గేదె మాంసం తింటున్నానంటే మాటలు విడివిడిగా ఉంటాయి. సవరలో గేదె అనే నామవాచకం కుదించుకుపోయి ఒక్క అక్షరమంత ముక్కయి క్రియ కడుపులోకి వెళ్లిపోతుంది. తినడం, గేదె, కాలం, ఎవరు అన్నవన్నీ కలిసి ఒకే పదం. పులి పట్టుకోవడం అనే సంగతిలో పులి కూడా అలా క్రియలో దూరిపోగలదు. బయట నిలబడినప్పుడు ఆ జంతువుకు ఒక రూపం, లోపలికి వెళ్తే వేరే పొట్టి రూపం. ఇది తెలియని కొత్తవాడు విన్న ప్రతి పదాన్నీ కొత్త పదంగానే రాసుకుంటాడు. పుస్తకం నిండుతుంది కానీ భాష రాదు. ఈ పొట్టి రూపాలకూ పూర్తి రూపాలకూ ఉన్న చుట్టరికాన్ని గుర్తించి నమోదు చేయడం రామమూర్తి చేసిన పనుల్లో భాషావేత్తలు ఈనాటికీ ప్రస్తావించేది.

ధ్వనుల దగ్గర తెలుగు అక్షరాలు చేతులెత్తేశాయి. సవరలో కొన్ని మాటల చివర హల్లు పూర్తిగా పలకదు, గొంతులో అడ్డుపడి ఆగిపోతుంది. మనకు ఆ అలవాటు లేదు. మనం అజంత భాషవాళ్లం, బస్సును కూడా ఉకారం తగిలించి గానీ ఊరుకోం. అచ్చుల్లోనూ మన పట్టికలో ఇమడనివి ఉన్నాయి. తొలినాళ్లలో ఆయన సవర కథలు, పాటలు తెలుగు లిపిలోనే రాశారు. చదివేవాళ్లు తెలుగు బడుల నీడలో ఉన్న పిల్లలు కాబట్టి అది సబబే. కానీ పనిముట్టు సరిపోవడం లేదని తెలిసింది. అందుకోసం ఆయన ధ్వనిశాస్త్రం నేర్చుకున్నారు, అదీ సొంతంగానే. ఐరోపాలో అప్పుడప్పుడే వస్తున్న భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించుకుని చదివారు. చివరికి సవర వ్యాకరణం అచ్చయినప్పుడు దాని పేరులోనే సోరా అన్న మాటను దీర్ఘానికి రెండేసి చుక్కలు పెట్టి ధ్వనిలిపి పద్ధతిలో రాశారు. సవర అన్నది మనం పెట్టిన పేరు. వాళ్లు తమను పిలుచుకునే పేరుకు అట్ట మీద చోటిచ్చారు, అదీ వాళ్లు పలికినట్టే.

భాషాశాస్త్ర లోకం అదే సమయంలో ఎక్కడుందో కూడా చూడాలి. సవర ముండా భాషల్లో ఒకటి. ముండా భాషలకూ ఆగ్నేయాసియాలోని మోన్, ఖ్మేర్ భాషలకూ బంధుత్వం ఉందని, అదంతా ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబమని విల్‌హెల్మ్ ష్మిట్ ప్రతిపాదించింది 1906లో. అంటే పర్లాకిమిడి మేస్టారు పని మొదలుపెట్టేటప్పటికి తాను నేర్చుకుంటున్న భాషకు చుట్టాలు ఎవరో కూడా ఖాయంగా తెలియదు. తెలుగుకు గానీ ఒడియాకు గానీ అది బంధువు కాదు. ఆ చుట్టుపక్కల వినపడే ఏ భాషా ఆయనకు ఆసరా ఇవ్వలేదు.

జ్వరం, క్వినైన్

ఇంట్లో కూర్చుని ఒక మనిషి దగ్గర నేర్చుకుంటే ఒక మనిషి మాటే వస్తుంది. అందుకని కొండలు ఎక్కారు. గూడేలు తిరిగారు. ఆ అడవుల్లో దోమ ఎవరినీ వదలదు. మలేరియా పట్టుకుంది. అప్పటికి దానికి ఉన్న మందు క్వినైన్. జ్వరం తగ్గేది, మళ్లీ కొండ ఎక్కేవారు, మళ్లీ జ్వరం, మళ్లీ క్వినైన్. ఆ మందు ఎక్కువైతే ముందు చెవుల్లో హోరు పుడుతుంది, ఆపైన వినికిడి దెబ్బతింటుంది. రామమూర్తికి చెవుడు వచ్చింది. అది మళ్లీ పోలేదు.

పుస్తకం లేని భాషను కేవలం చెవి ఆధారంగా నేర్చుకున్న మనిషి ఆ చెవులనే పోగొట్టుకున్నాడు. ఆయన జీవితచరిత్రలు ఈ విషయాన్ని త్యాగాల జాబితాలో ఒక వాక్యంగా రాసి ముందుకు వెళ్తుంటాయి. నిజానికి ఇక్కడ కాస్త ఆగాలి. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన సుదీర్ఘ వాదప్రతివాదాల్లో ఎంతో భాగం, ఎదుటివాళ్లు ఏమంటున్నారో సరిగా వినపడని మనిషి చేసినది. గొంతు చివర ఆగిపోయే సవర హల్లు, రెండు అచ్చుల మధ్య వెంట్రుకవాసి తేడా లాంటివి అప్పటికి ఆయన కాగితం మీదికి ఎక్కి ఉండటమే మేలయింది.

1911లో ఆయన సవర పుస్తకాలను మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. పారితోషికం ఇస్తామంది. ఆ డబ్బు తనకొద్దని, దానితో సవరలకు ఒక మంచి బడి పెట్టి నడపమని ఆయన కోరారు. అప్పటికే సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. అదే ఏడాది ఉద్యోగ విరమణ కూడా. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువరించిన సంపుటాల్లో సవరల గురించిన సమాచారంలో చాలా భాగం రామమూర్తి ఇచ్చిందే.

కొండ దిగి వచ్చి తెలుగు వైపు చూస్తే

జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. అతనికి ఒక చిక్కు ఎదురైంది. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు ఊళ్లో ఎవరూ మాట్లాడటం లేదు. ఊళ్లో మాట్లాడేది పుస్తకంలో లేదు. భాషను మాట ద్వారానే నేర్పాలన్న పద్ధతి అప్పట్లో ఐరోపాలో కొత్తగా ప్రచారంలోకి వస్తోంది. మరి తెలుగు బడిలో పిల్లలకు ఈ తేడా ఎందుకు అన్నది అతని ప్రశ్న. విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్ అతనికి గురజాడను, గిడుగును చూపించారు. 1906-07 ప్రాంతంలో ఈ నలుగురి మధ్య నడిచిన ఆలోచనలోంచే ఉద్యమం పుట్టింది.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ ప్రశ్న ఒక కొత్త విద్యార్థి అడిగింది. దాని బరువు వెంటనే అర్థమైంది మరో భాషకు కొత్త విద్యార్థిగా పదేళ్లకు పైగా గడిపిన మనిషికి. మాతృభాషలో మునిగి ఉన్న పండితుడికి పుస్తకపు తెలుగుకూ నోటి తెలుగుకూ మధ్య ఉన్న గోడ కనపడదు. చిన్నప్పుడే దాటేశాడు కాబట్టి. సవర దగ్గర రామమూర్తి ఓనమాల నుంచి మొదలుపెట్టారు. ఆ భాషకు కావ్యాలు లేవు, లక్షణ గ్రంథాలు లేవు. అయినా దానికి నియమం ఉంది, తప్పొప్పులు ఉన్నాయి, ఆ తప్పొప్పులు తేల్చేది గూడెంలో మాట్లాడే మనిషే. సవర ముసలమ్మ మాటకు ఉన్న ప్రామాణికత తెలుగు రైతు మాటకు ఎందుకు ఉండకూడదు? ఆయన తెలుగు వ్యాసాలు చదివితే ఈ తర్కం వెనక కొండగాలి తగులుతూనే ఉంటుంది.

ఉద్యమ చరిత్ర చాలాసార్లు రాశారు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చాలు. 1912లో స్కూలు ఫైనల్ వ్యాసాన్ని ఆధునిక భాషలోనూ రాయవచ్చని అనుమతి వచ్చింది. జయంతి రామయ్య ముందుండి నడిపిన గ్రాంథిక పక్షం ఒత్తిడితో కొన్నాళ్లకు అది వెనక్కి పోయింది. 1916లో కొవ్వూరులో పండితుల సభలో రామమూర్తి నాలుగు గంటలు మాట్లాడి, గ్రాంథికాన్ని తప్పులు లేకుండా ఎవరూ రాయలేకపోతున్నారని, మహామహుల రచనల్లోంచే ఉదాహరణలు తీసి చూపించారు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు, రామమూర్తి కార్యదర్శి. ఆ ఏడాదే వీరేశలింగం పోయారు. అదే కాలంలో తెలుగు అన్న పేరుతో ఒక పత్రికను కొద్దికాలం నడిపారు. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీద ఉన్న నిషేధం ఎత్తేసింది. శిష్యుల్లో తాపీ ధర్మారావు పత్రికా రచననే వాడుక భాషలోకి దించారు.

జపాన్‌లోనూ దాదాపు ఇవే దశాబ్దాల్లో ఇదే గొడవ నడిచింది. మెయిజీ కాలం మొదట్లో జపాన్‌లో రాతభాష వేరు, నోటిభాష వేరు. రాయాలంటే ప్రాచీన శైలిలో రాయాలి. రెంటినీ ఒకటి చేయాలన్న ఉద్యమానికి గెన్‌బున్ ఇచ్చి అని పేరు. మాటనూ రాతనూ కలపడం అని దాని అర్థం. ఫుతబతెయి షిమెయి 1887లో మొదలుపెట్టిన నవల ఉకిగుమో ఆ దారిలో పెద్ద మలుపు. 1904లో వచ్చిన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో వాడుక శైలికి పెద్ద పీట వేశారు. ప్రభుత్వ పత్రాలు మాత్రం మొండికేసి పాత శైలిలోనే ఉండిపోయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గానీ మారలేదు. 1946 నాటి రాజ్యాంగం వాడుక భాషలో వచ్చింది. స్మృతి నగర్‌లో ఇవాళ ఎవరైనా జపనీస్ పుస్తకం తెరిస్తే, అందులో నేర్చుకున్న వాక్యాన్ని టోక్యోలో ఎవరితోనైనా అనగలగడం ఈ పోరాటం పుణ్యమే. లేకపోతే రెండు జపనీస్‌లు నేర్చుకోవాల్సి వచ్చేది. ఛత్తీస్‌గఢ్‌లోనో ఒడిశాలోనో పుట్టి, బడిలో తెలుగు లేక, ఇంట్లో విన్న తెలుగుతోనే పెద్దయి, తర్వాత సొంతంగా అక్షరాలు నేర్చుకుని తెలుగు పేపర్ చదవగలిగే పిల్లలకు రామమూర్తి చేసిన మేలు అచ్చంగా అలాంటిదే.

ఊరు మారిన భాష, భాష మారిన ఊరు

సవర పని మాత్రం తెలుగు గొడవల మధ్య ఆగలేదు. 35 ఏళ్ల శ్రమ తర్వాత 1931లో సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో అచ్చువేసింది. అప్పటికి ఆయన వయసు 68. దేశంలో ఒక ముండా భాషను ఆధునిక భాషాశాస్త్ర పద్ధతిలో ఇంత లోతుగా పరిశీలించిన తొలి భారతీయుల్లో ఆయన ఒకరు. కొడుకు గిడుగు సీతాపతి ఆ పనిలో తోడున్నారు, తర్వాత తానూ సవర మీద రాశారు. కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు బయటికొచ్చింది. ఆ ఏడాదే ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది.

వీటి మధ్యలో ఒక దెబ్బ తగిలింది. భాషల ప్రాతిపదికన ఒరిస్సా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. పర్లాకిమిడిలో ఎంతో భాగం, పట్టణంతో సహా, ఒరిస్సాలోకి వెళ్లింది. అక్కడి తెలుగువాళ్లు అభ్యంతరం చెప్పారు, ఫలితం లేదు. 1880 నుంచి అంటిపెట్టుకుని ఉన్న ఊరిని డెబ్బయి మూడో ఏట వదిలి రామమూర్తి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ నిర్ణయం సరైనదేనా అన్నది వేరే చర్చ. ఒడియా ఆయనకు పరాయి భాష కాదు, పర్లాకిమిడి వీధుల్లో నిత్యం వినపడేదే. అయినా తన భాషకు హక్కు లేని చోట ఉండనన్నారు. సవరలకు మాత్రం వదిలి వెళ్లడానికి మరో చోటు లేదు. వాళ్ల కొండలను గీత రెండు రాష్ట్రాలుగా కోసింది. ఇవాళ పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. సీతంపేట ఏజెన్సీ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

అదే 1936లో గునుపురం వైపు మంగేయి గొమాంగో అనే సవర తన భాషకు సొంత లిపి తయారుచేశాడు. దాని పేరు సొరా సొంపెంగ్. మైదానం పంతులు తెలుగు అక్షరాలతో మొదలుపెట్టి అంతర్జాతీయ ధ్వనిలిపి దాకా వెళ్లి వెతికిన సమస్యకు, కొండమీది మనిషి ఇంకో వైపు నుంచి తన జవాబు తాను రాసుకున్నాడు. 2012లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది.

రామమూర్తి చివరి ప్రసంగం 1940 జనవరిలో మద్రాసులో పత్రికా సంపాదకుల ముందు చేశారు. పత్రికలు వాడుక భాషలోకి రావాలన్నది విషయం. తర్వాత వారం రోజులకే, జనవరి 22న, అక్కడే కన్నుమూశారు.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక చదువు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టింది. ఎనిమిది భాషలను ఎంచుకుంటే అందులో సవర ఒకటి. ఆ వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి, ఆయన మొదటి పుస్తకాల మాదిరిగానే. ఒడిశా వైపు పిల్లలకు ఒడియా లిపి. చర్చిల్లో రోమన్. ఇవికాక గొమాంగో లిపి. ఒకే భాషకు నాలుగు రాతలు. సవర కొత్తగా నేర్చుకోవాలనుకునే పరిశోధకులు మాత్రం ఏ రాతతో మొదలుపెట్టినా, ఎక్కడో ఒకచోట 1931 వ్యాకరణం దగ్గరికో 1938 నిఘంటువు దగ్గరికో వచ్చి ఆగుతున్నారు.